చర్చిలో రాజకీయాలు మాట్లాడొచ్చా? ఒక వకీలు జవాబు

వందనాలు బ్రదర్. మీరు రాసింది మొత్తం చదివాను. మీ పాస్టర్ గారు ఆదివారం వాక్యంలో "రాజకీయాలు లోకసంబంధమైనవి, విశ్వాసికి వాటితో పని లేదు" అంటారు. ఎన్నికలొస్తే మాత్రం అభ్యర్థిని ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. అటు మీ అంబేద్కర్ సంఘం మిత్రులేమో, చర్చి మనవాళ్లకు పరలోకం చూపించి భూమి సంగతి మరిపించిందంటారు. ఈలోగా మీ పల్లె (దళితవాడ) శ్మశానం గట్టును పక్క రైతు దున్నుకుంటూ లోపలికి వచ్చేశాడు. దాని మీద సంఘం నోరు విప్పొచ్చా, అది రాజకీయం కిందికి వస్తుందా అన్నది మీ ప్రశ్న.

నేను కోస్తా జిల్లాల్లో వకీలుని, మా సంఘంలో పెద్దని కూడా. కులం సర్టిఫికెట్ల గొడవలు, పోరంబోకు భూముల గొడవలు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి. అందుకని వాక్యం కొంచెం, చట్టం ఎక్కువ చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పాస్టర్ గారు వద్దంటున్న పనే ఆయన చెయ్యాల్సింది, చేస్తున్న పనే మానుకోవాల్సింది. శ్మశానం గురించి మాట్లాడటం ఆయన బాధ్యత. సంఘం ఓట్లను మూటగట్టి ఎవరికో అప్పజెప్పడం ఆయన పని కాదు.

వాక్యం సంగతి చూద్దాం. రాజకీయాలు వద్దనేవాళ్లందరూ రోమా 13వ అధ్యాయం తీస్తారు, పై అధికారులకు లోబడి ఉండమన్నాడు కదా అని. రాసింది పౌలు. ఆ పౌలు అధికారులతో ఎలా నడుచుకున్నాడో అపొస్తలుల కార్యములు 16లో ఉంది. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి జైల్లో వేశారు. మర్నాడు పొద్దున్నే "వాళ్లను వదిలెయ్యండి" అని న్యాయాధిపతులు కబురు పంపారు. మనవాళ్లయితే ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. పౌలు కదల్లేదు. మేము రోమా పౌరులం, విచారణ లేకుండా అందరి ముందు కొట్టించి ఇప్పుడు చాటుగా పంపిస్తారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. తర్వాత యెరూషలేములో కొరడా ఎత్తబోతే మళ్లీ పౌరసత్వం గుర్తు చేశాడు, చివరికి రోమా చక్రవర్తి కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. లోబడి ఉండమన్న మనిషే ప్రొసీజర్ తప్పితే ఊరుకోలేదు. నా క్లయింట్లలో ఇంత పట్టుదల ఉన్నవాళ్లు అరుదు.

భూమి గురించి కావాలంటే బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం చదవండి. నాబోతు ద్రాక్షతోట మీద అహాబు రాజు కన్నుపడింది. తండ్రుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు నాబోతు. రాణి దొంగ సాక్షులను పెట్టి కేసు నడిపించి అతన్ని రాళ్లతో కొట్టించింది. రాజు తోటలో అడుగు పెట్టేసరికి ప్రవక్త ఏలీయా ఎదురొచ్చి నిలదీశాడు. భూకబ్జా, తప్పుడు కేసు, పెద్దల సంతకాలు అన్నీ అందులో ఉన్నాయి. చేను కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం అంటుంది. వీటి మీద ప్రసంగం చెయ్యడానికి ఏ పార్టీ జెండా అక్కర్లేదు.

ఇక మీ మిత్రుల మాట. చర్చి జనాన్ని మెత్తబరిచిందనడం ఇప్పటి కొన్ని ఉజ్జీవ సభల విషయంలో నిజమే. కానీ మన జిల్లాల్లో చర్చి మొదలైన తీరు వేరు. 1860ల చివర్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి పై కులాల వాళ్లు వచ్చేవారు, వాళ్ల పిల్లలు ఆయన బడిలో చదువుకునేవారు. ఆ సమయంలోనే తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి వెనక తాళ్లకొండపాడు వైపు నుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేము రామని పై కులాల వాళ్లు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు ఏం చెయ్యాలో తెలియక, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే తగిలిందట. లోకంలో నీచులైనవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట అక్కడ ఉంది. మాదిగలను చేర్చుకున్నారు, పై కులాల పిల్లలు బడి మానేశారు. దీన్ని అద్భుతం అనుకున్నా సరే, యాదృచ్ఛికం అనుకున్నా సరే. ఊళ్లో బలం ఎవరిదో చూసి కూడా రెండోవైపు నిలబడటం రాజకీయ నిర్ణయం కాకపోతే మరేమిటి?

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి ఇవి భక్తి నియమాల్లా ఉంటాయి. ఊరి లెక్కలో మాత్రం మొదటిది వెట్టికి దెబ్బ, రెండోది మాదిగల మీద ఉన్న మైలకు దెబ్బ, మూడోది జాతర్లో డప్పు కొట్టే కట్టుబాటుకు దెబ్బ. అందుకే ఊరు ఎదురు తిరిగింది. 1876–78 కరువులో ఇదే క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం అయ్యాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. బియ్యం కోసం మారారని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, ఆ మెసేజ్ పంపేవాళ్లకు ఈ తేదీల వరస చూపించండి.

అలాగని మిషన్ చరిత్రంతా పుణ్యకథ కాదు. దొరల రాజ్యం కాబట్టే దొర మాట కలెక్టరు దగ్గర చెల్లింది. మన సంఘాల్లో కులం కూడా పోలేదు. ఏ మిషన్ ఏ పల్లెలో ముందు అడుగు పెట్టిందన్న దాన్ని బట్టి ఇది మాలల చర్చి, అది మాదిగల చర్చి అయింది. కొన్ని చోట్ల కమ్మ, రెడ్డి కేథలిక్కులు వేరే వరసలో కూర్చున్నారు, సమాధులకూ వేరే చోటు చూసుకున్నారు. విశ్వాసుల్లో దళితులే ఎక్కువైనా, హైదరాబాద్‌కు మారంపూడి జోజి గారు ఆర్చిబిషప్ అయ్యేసరికి 2000 వచ్చింది, దేశంలో ఆ పదవి అందుకున్న మొదటి దళితుడు ఆయనే. పోపు తర్వాతి స్థాయి అయిన కార్డినల్ పదవి అదే హైదరాబాద్ ఆర్చిబిషప్, దళితుడైన పూల ఆంథోనీ గారికి 2022లో వచ్చింది. సామాజిక న్యాయం మీద ప్రసంగం చేసే ముందు సంఘం తన సొంత పెళ్లి సంబంధాలు, సొంత ఎన్నికల ప్యానెళ్లు ఓసారి చూసుకుంటే మంచిది. మిషన్ స్థలాలు ఎవరెవరి చేతికి పోయాయో కూడా.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వస్తాను. "మనకు రాజకీయాలు వద్దు" అని పెద్దలు అనుకున్నప్పుడు పల్లెకు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

1935 భారత ప్రభుత్వ చట్టం కింద భారతీయ క్రైస్తవులకు చట్టసభల్లో ప్రత్యేక సీట్లు ఉండేవి. దానికి తగ్గట్టు 1936లో బ్రిటిష్ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల జాబితా వేసినప్పుడు, క్రైస్తవుడు ఆ జాబితాలోకి రాడని రాసింది. ఒకే మనిషి రెండు వైపులా లెక్కలోకి రాకూడదన్నది దాని లాజిక్కు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారి లాంటి పెద్దలు ఈ ప్రత్యేక సీట్లే వద్దని వాదించారు, సంఘం ఒక రాజకీయ వర్గంగా మారకూడదని. గొప్ప మాటే. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ కూడా క్రైస్తవుడే. 1949 మేలో మైనారిటీలకు సీట్ల రిజర్వేషన్ వదులుకునే తీర్మానం ముందుకు తెచ్చింది ఆయనే. దేశం మెచ్చుకుంది.

ఏడాది తిరిగాక, 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డ్ కులం వాడు కాడని అందులో మూడో పేరా. 1936 నాటి నిషేధం అలాగే ఉండిపోయింది, దానికి సాకుగా చూపిన ప్రత్యేక సీట్లు మాత్రం పోయాయి. పల్లె క్రైస్తవుడు రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. వదులుకున్న పెద్దలు చదువుకున్నవాళ్లు, పట్నం వాళ్లు. వాళ్లకు పోయిందేమీ లేదు. ఆ నిర్ణయంలో మన పల్లెల మాట ఎవరూ అడగలేదు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ పేరాలో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు.

దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన వాళ్లలో మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై ఒకరు. ప్రభుత్వం చెప్పులు కుట్టేవాళ్లకు ఉచితంగా బంకులు ఇస్తోంది. ఆయనదీ అదే కులం, అదే వృత్తి, కూర్చునేదీ అదే రోడ్డు పక్కన. క్రైస్తవుడని బంకు ఇవ్వలేదు. 1985లో కోర్టు ఏమందంటే, మతం మారాక కూడా కులపు ఇబ్బంది అదే తీవ్రతతో కొనసాగుతోందని చూపే ఆధారం మా ముందు పెట్టలేదు అని. అదే ఏడాది జులైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ఆ జులై నాటి పల్లెను చూసినవాళ్లను అడిగితే తీవ్రత సంగతి చెప్పేవాళ్లు.

మన ఆంధ్రలో కథ ఇంకో మలుపు తిరిగింది. మతం మారిన దళితులను, వాళ్ల సంతానాన్ని వెనకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ–సీ)లో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1977లో జీవో 341 ద్వారా ఎస్సీలకు ఇచ్చే రాయితీల్లో చట్టంతో సంబంధం లేనివాటిని వీళ్లకూ వర్తింపజేశారు. అంటే స్కాలర్‌షిప్ లాంటి ప్రభుత్వ సాయం ఒక రకం, రిజర్వుడు సీట్లో పోటీ చెయ్యడం, అట్రాసిటీ కేసు (ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు) పెట్టడం ఇంకో రకం. రెండోది ఈ జీవోతో రాదు. చాలామంది పాస్టర్లకు ఈ తేడా తెలియదు. జీవో జిరాక్సు చేతిలో పట్టుకుని "మనకు అన్నీ ఉన్నాయి" అని ధైర్యం చెబుతుంటారు. 2025 ఏప్రిల్ చివర్లో మన హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. ఏళ్ల తరబడి పాస్టరుగా ఉన్న మనిషి ఎస్సీ, ఎస్టీ చట్టం రక్షణ కోరలేడని, చేతిలో సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పింది. అంతకు ముందు 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, క్రైస్తవం ఆచరిస్తూ ఉద్యోగం కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం కుదరదంది. తిరిగి హిందూమతంలోకి వెళ్లినవాళ్ల సంగతి వేరు. 1976లోనే గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో, మతం మారినవాళ్ల కొడుకు శుద్ధి చేయించుకుని వస్తే, ఆ కులం వాళ్లు కలుపుకుంటే ఎస్సీగా గుర్తించవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

వీటన్నిటి ఫలితం ఏ పల్లెకు వెళ్లినా కనబడుతుంది. స్కూలు రికార్డులో వెంకటేశ్వర్లు, చర్చి రిజిస్టరులో యోహాను. సర్టిఫికెట్ మీద మతం హిందూ, గోడ మీద యేసు ప్రభువు క్యాలెండరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. ఆదివారం పొద్దున ఏ మండలంలోనైనా బండి మీద తిరిగినవాళ్లెవరూ ఈ అంకె నమ్మరు. గిట్టనివాళ్లు ఫిర్యాదు పెడితే, కులం సర్టిఫికెట్ల జారీని నియంత్రించే 1993 నాటి 16వ చట్టం కింద విచారణ మొదలవుతుంది. అప్పుడు బాప్తిస్మం రిజిస్టరు, పెళ్లి రిజిస్టరు, శుభలేఖ మీద వాక్యం, ఫేస్‌బుక్ ఫొటోలు అన్నీ ఫైల్లోకి వస్తాయి. పాస్టర్ గారిని పిలిచి "వీళ్లు మీ సంఘ సభ్యులేనా" అని అడుగుతారు. అబద్ధం చెబితే వాక్యానికి విరోధం, నిజం చెబితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. "విశ్వాసికి రాజకీయాలతో పని లేదు" అనే మాట ఆ గదిలో కూర్చుని అనమనండి చూద్దాం.

తప్పుడు డిక్లరేషన్ ఇవ్వమని నేను ఎవరికీ చెప్పను. వృత్తిరీత్యా చెప్పకూడదు, విశ్వాసిగా కూడా చెప్పలేను. అయితే దానికి మందు 1950 ఉత్తర్వులోని మూడో పేరా తీసెయ్యడం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఆ సిఫార్సు చేసింది. మన అసెంబ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. కేంద్రం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ వచ్చింది. ఇప్పుడున్న ఎస్సీలు తమ వాటా తగ్గుతుందని భయపడటంలో న్యాయం ఉంది, దాన్ని మతద్వేషం అని కొట్టిపారెయ్యకూడదు. ఎస్సీ వాటా పెంచకుండా జాబితా పెంచితే పల్లెలో అన్నదమ్ములు కొట్టుకుంటారు. సంఘాలు ఈ డిమాండు పెట్టేటప్పుడు బీసీ–సీ శాతాన్ని కూడా వెంట తీసుకెళ్లమని అడగాలి. మీ అంబేద్కర్ సంఘం మిత్రులతో కలిసి మాట్లాడాల్సిన విషయం ఇదే.

ఎన్నికల సంగతి త్వరగా చెప్పేస్తాను. మతం పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం 4–3 మెజారిటీతో చెప్పింది. మతసంస్థల దుర్వినియోగాన్ని ఆపే 1988 చట్టం ప్రకారం మందిరం ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు ఇస్తే అయిదేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఇది గుడికీ, మసీదుకూ, చర్చికీ ఒకటే. సౌండ్ బాక్సులకో ప్రహరీ గోడకో ఆశపడి అభ్యర్థిని ముందు వరసలో కూర్చోబెట్టే పాస్టర్లు ఇది తెలుసుకోవాలి. ప్రభుత్వం పాస్టర్లకు ఇచ్చే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మీద కూడా నాకు అనుమానాలు ఉన్నాయి. తీసుకోవడం నేరం కాదు, పేద పాస్టరుకు ఆ డబ్బు అవసరమే. కానీ ఎవరి చేతి నుంచి నెల నెలా వస్తుందో వాళ్ల ముందు ఏలీయాలా మాట్లాడటం కష్టం. దక్షిణాఫ్రికాలో డచ్ రిఫార్మ్డ్ చర్చి ప్రభుత్వానికి ఆనుకుని కూర్చుని, అదే బైబిల్లోంచి వర్ణవివక్షకు సమర్థన తీసింది. డెస్మండ్ టూటూ లాంటివాళ్లు అదే బైబిలు పట్టుకుని ఎదిరించారు. పుస్తకం ఒకటే అయినా, ఎక్కడ నిలబడి చదివారన్న దాన్ని బట్టి తేడా వచ్చింది.

ఇప్పుడు మీ శ్మశానం. ఇది పార్టీ విషయం కాదు, అయినా జాగ్రత్తగా చెయ్యాలి.

మొదట ఆ సర్వే నంబరు రికార్డులో శ్మశానం పోరంబోకుగా ఉందా, లేక మిషన్ పేరున కొన్న భూమా చూడండి. ఆర్‌ఎస్‌ఆర్ నకలు, ఎఫ్‌ఎంబీ స్కెచ్ తీసుకోండి. మొదటిది రెవెన్యూ వాళ్ల భూమి వివరాల రిజిస్టరు, రెండోది హద్దుల పటం. మిషన్ భూమి అయితే సంఘమే హద్దుల సర్వేకి దరఖాస్తు పెట్టాలి, సివిల్ కోర్టు దారి ఉంటుంది. పోరంబోకు అయితే దరఖాస్తు తహసీల్దారుకు, ఒక కాపీ పంచాయతీకి. 1905 నాటి ఆక్రమణల చట్టం కింద నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే అధికారం రెవెన్యూ వాళ్లకు ఉంది. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే.

అర్జీ చర్చి లెటర్‌ప్యాడ్ మీద రాయకండి. పోరంబోకు శ్మశానం పల్లె మొత్తానిది, చర్చికి రాని కుటుంబాలు కూడా అక్కడే పూడుస్తాయి. "ఫలానా కాలనీ నివాసులం" అని అందరూ సంతకం పెట్టడమే వాస్తవం కూడా. లెటర్‌ప్యాడ్ మీద "సంఘ సభ్యులం" అని యాభై సంతకాలు పెడితే, రేపు ఎవరి సర్టిఫికెట్ మీదైనా ఫిర్యాదు వచ్చినప్పుడు అదే కాగితం సాక్ష్యం అవుతుంది. మీటింగు కూడా మందిరంలో కాకుండా కమ్యూనిటీ హాల్లో పెట్టుకోండి. 1988 చట్టంలో రాజకీయ కార్యకలాపం అన్నదానికి అర్థం చాలా విశాలంగా ఉంది.

ఎస్సీలను శ్మశానం వాడుకోకుండా అడ్డుకుంటే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3 కింద నేరం, 2015 సవరణలో దాన్ని స్పష్టంగా చేర్చారు. దున్నడంతో ఆగకుండా శవాన్ని తీసుకెళ్లేవాళ్లను ఆపినా, కులం పేరుతో తిట్టినా ఆ కేసు పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ఫిర్యాదుదారుగా పాస్టర్ గారిని ముందు పెట్టకండి, ఆయన ఎంత ధైర్యవంతుడైనా సరే. కేసు మొదటి వాయిదాకే మతం దగ్గర చిక్కుకుంటుంది. హిందూ దళితులుగానే బతుకుతున్న కుటుంబాలు మీ పల్లెలో ఉన్నాయని రాశారు కాబట్టి, జరిగింది వాళ్లకు జరిగితే వాళ్లే ఫిర్యాదు ఇవ్వాలి. పాస్టర్ గారు సాక్షిగా వచ్చి చూసింది చూసినట్టు చెప్పొచ్చు, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఈలోగా ఆయన్ను ఒక ఆదివారం నాబోతు మీద వాక్యం చెప్పమని అడగండి. ఒప్పుకోకపోతే స్త్రీల సమాజం వాళ్లతో అడిగించండి, వాళ్లను కాదనడం ఏ పాస్టరు తరమూ కాదు. సర్వే నంబరు, ఆర్‌ఎస్‌ఆర్ నకలు వచ్చాక ఇక్కడే పెట్టండి, అర్జీ డ్రాఫ్టు నేను రాసిస్తాను.